సెట్ ధర చూసే ముందు సర్వ్ ఎవరిదో చూడండి

స్కోరు 3-2. ఇద్దరూ సమ ఉజ్జీలు. ముందున్నవాడు ఆ సెట్ గెలుస్తాడన్న కాంట్రాక్ట్, అంటే అతను గెలిస్తే డాలర్, ఓడితే సున్నా ఇచ్చేది, ఎంత చేస్తుంది? తర్వాతి గేమ్‌లో సర్వ్ అతనిదే అయితే దాదాపు 81 సెంట్లు. అవతలివాడిదైతే 56. తెర మీద అంకెలు అవే, విలువలో మాత్రం 25 సెంట్ల తేడా. టెన్నిస్ సెట్ల మీద కొత్తగా ట్రేడింగ్ మొదలుపెట్టినవాళ్ళు చేతులు కాల్చుకునేది ఎక్కువగా ఇక్కడే. స్కోరు చదువుతారు, సర్వ్ చదవరు.

ఈ లెక్కలోకి వెళ్ళే ముందు చట్టం సంగతి చెప్పాలి. ఇది అమెరికాలో ఉండి, అక్కడి నిబంధనల ప్రకారం ఖాతా తెరవగలిగిన తెలుగువాళ్ళ కోసం రాస్తున్నది. కాల్షీ అన్నది ఇలాంటి కాంట్రాక్టులు కొని అమ్ముకునే చోటు, అక్కడి ఫ్యూచర్స్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సీఎఫ్‌టీసీ కింద నడిచే ఎక్స్ఛేంజ్. ఆటల కాంట్రాక్టులు 2025లో మొదలుపెట్టింది. ఇది జూదమేనని కొన్ని రాష్ట్రాలు కోర్టుకెక్కాయి కాబట్టి మీ రాష్ట్రంలో పరిస్థితి ఏమిటో మీరే చూసుకోవాలి. ఇండియాలో ఉన్నవాళ్ళకు మాత్రం ఈ దారి లేదు. 2025 ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. అంతకు ముందే తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాలను సవరించి ఈ తలుపు మూసేశాయి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కూర్చుని వీపీఎన్ పెట్టుకుని ఖాతా తెరిస్తే, గెలిచిన డబ్బు బయటికి తీసే రోజున గుర్తింపు పత్రాల దగ్గర ఆగిపోవచ్చు. దయచేసి ఆ పని చేయకండి.

ఇక లెక్క. ఆటగాడు తన సర్వ్‌లో ఒక్కో పాయింట్ గెలిచే అవకాశం తెలిస్తే గేమ్ నిలబెట్టుకునే (తన సర్వ్ గేమ్ తానే గెలిచే) అవకాశం దానంతట అదే వస్తుంది. నూటికి 60 పాయింట్లు గెలిచేవాడు గేమ్‌ను 73.6 శాతం సార్లు నిలబెట్టుకుంటాడు. 62 అయితే 77.6. 65 అయితే 83. పాయింట్ దగ్గర 3 శాతం తేడా గేమ్ దగ్గరకు వచ్చేసరికి 5 శాతం దాటుతుంది. అందుకే ఆ మొదటి అంకె జాగ్రత్తగా కట్టాలి.

కట్టే పద్ధతి ఇది. ఒక ఆటగాడి మొదటి సర్వ్ 62 శాతం సార్లు లోపల పడుతుంది, అది పడ్డప్పుడు 73 శాతం పాయింట్లు గెలుస్తాడు, రెండో సర్వ్ మీద 52 శాతం గెలుస్తాడు అనుకుందాం. 0.62ను 0.73తో, 0.38ని 0.52తో హెచ్చించి కలిపితే 0.65. ఇప్పుడు ఎదుటివాడి రిటర్న్, అంటే అవతలివాళ్ళ సర్వ్ మీద అతను గెలిచే పాయింట్ల శాతం, లెక్కలోకి తేవాలి. టూర్‌లో సగటు రిటర్న్ 36 శాతం, ఎదుటివాడిది 39 అనుకుంటే ఆ మూడూ తీసేయాలి. అంటే ఈ మ్యాచ్‌లో మనవాడి సర్వ్ 62. రెండో ఆటగాడికీ ఇదే లెక్క చేయాలి. అంకెలు అదే రకం కోర్టు మీద, గత ఏడాది లోపలివి అయి ఉండాలి. మాడ్రిడ్ లాంటి ఎత్తైన చోట బంతి వేగంగా పోతుంది, సర్వ్‌కు బలం వస్తుంది. అక్కడి అంకెలు తీసుకొచ్చి రోమ్‌లో వాడితే లెక్క తప్పుతుంది.

మ్యాచ్ నడుస్తుండగా కనిపించే గణాంకాలను మాత్రం పెద్దగా నమ్మొద్దు. ఒక సెట్‌లో ఒక్కొక్కరికీ సుమారు 30 సర్వ్ పాయింట్లు వస్తాయి. నిజంగా 65 శాతం వాడు ఆ 30లో 56 శాతం చూపించినా, 74 చూపించినా ఆశ్చర్యం లేదు, అది మామూలు ఊగిసలాటే. "ఇవాళ సర్వ్ పడటం లేదు" అని మొదటి సెట్ చూసి తేల్చేసేవాళ్ళు ఎక్కువ. మొదటి సర్వ్ వేగం పడిపోయిందా, డబుల్ ఫాల్టులు ఒకేవైపు పడుతున్నాయా, భుజం పట్టుకుంటున్నాడా అన్నవి ఆ శాతం కంటే ఎక్కువ చెబుతాయి.

మళ్ళీ 3-2 దగ్గరకు వద్దాం. ఇద్దరూ 83 శాతం గేమ్‌లు నిలబెట్టుకునేవాళ్ళయితే, ఒక బ్రేక్ (ఎదుటివాడి సర్వ్ గేమ్ గెలవడం) ముందుండి సర్వ్ చేతిలో ఉన్నవాడి విలువ 3-2 దగ్గర 81, 4-3 దగ్గర 86, 5-4 దగ్గర 91 సెంట్లన్నర. బ్రేక్ లేకుండా ముందుంటే, అంటే ఎదుటివాడు సర్వ్ చేయబోతుంటే, 3-2 దగ్గర 56, 4-3 దగ్గర 57, 5-4 దగ్గర 58 సెంట్లన్నర. ఆ మధ్యలో 3-3, 4-4, 5-5 వచ్చినప్పుడల్లా మళ్ళీ 50. అంటే ఎవరూ ఏమీ సాధించకుండానే, సర్వ్‌లు నిలబెట్టుకుంటూ పోతేనే, ధర 56కి లేచి 50కి పడి 57కి లేస్తుంది. కొత్తవాళ్ళు 56 దగ్గర "ముందున్నాడు కదా" అని కొంటారు, నాలుగు నిమిషాల్లో 50 చూసి భయపడి అమ్ముతారు. అక్కడ జరిగింది ఏమీ లేదు.

సర్వ్ బలహీనంగా ఉన్న మ్యాచ్‌లలో ఈ అంకెలన్నీ మారతాయి. మహిళల టూర్‌లో గేమ్ నిలబెట్టుకునే సగటు 65 శాతం చుట్టూ తిరుగుతుంది. ఇద్దరూ 65 అయితే, ఒక బ్రేక్ ముందుండి సర్వ్ చేతిలో ఉన్నప్పుడు 3-2 విలువ 71 మాత్రమే, 4-3 దగ్గర 75, 5-4 దగ్గర 82 సెంట్లన్నర. పురుషుల మ్యాచ్‌లు చూసి అలవాటైన కన్నుకు "బ్రేక్ దొరికింది, సెట్ అయిపోయింది" అనిపిస్తుంది. మట్టి కోర్టు మీద ఇద్దరు మంచి రిటర్నర్లు ఆడుతుంటే ఆ బ్రేక్ తిరిగి పోవడానికి పది నిమిషాలు చాలు. నా దృష్టిలో సెట్ మార్కెట్లలో నిలకడగా కనిపించే తప్పు ధర ఇదొక్కటే: బలహీనమైన సర్వ్‌ల మ్యాచ్‌లో ఒక బ్రేక్‌కు ఇచ్చే అతి విలువ.

గేమ్ లోపల కూడా ఇంతే. 65 శాతం సర్వర్ 0-30 వెనకబడితే జనం గేమ్ పోయినట్టే చూస్తారు. నిజానికి 48 శాతం సార్లు నిలబెట్టుకుంటాడు. 15-40 దగ్గర 33 శాతం, 30-40 దగ్గర దాదాపు సగం, 0-40 దగ్గర కూడా 21 శాతం. ఈ నాలుగు అంకెలు ఒక చీటీ మీద రాసి తెర పక్కన అంటించుకోవాలి. 0-30 దగ్గర భయపడి అమ్మేవాళ్ళ నుంచి కొనడం లాభమా కాదా అన్నది ఆ 48తో పోల్చి చూస్తేనే తెలుస్తుంది.

2025 జూన్‌లో రోలాండ్ గారోస్ (ఫ్రెంచ్ ఓపెన్) పురుషుల ఫైనల్ గుర్తు చేసుకోండి. సిన్నర్ రెండు సెట్లు గెలిచి నాలుగో సెట్‌లో 5-3 ముందున్నాడు. అల్కరాజ్ సర్వ్, స్కోరు 0-40. పై అంకెలతో కడితే అల్కరాజ్ ఆ గేమ్ నిలబెట్టుకోవడం 21 శాతం. ఆ తర్వాత సిన్నర్ 5-4 దగ్గర సెట్ కోసం సర్వ్ చేస్తాడు కాబట్టి అల్కరాజ్‌కు మిగిలేది ఎనిమిదిన్నర శాతం. రెండూ హెచ్చిస్తే 1.8 సెంట్లు. అల్కరాజ్ ఆ గేమ్ నిలబెట్టుకుని, బ్రేక్ చేసి, సెట్‌ను టైబ్రేక్‌లో గెలిచి, ఐదు గంటల 29 నిమిషాలకు మ్యాచ్ కూడా గెలిచాడు. అలాంటి దశలో 98 సెంట్లు పెట్టి 2 సెంట్లు సంపాదించాలని చూసేవాళ్ళు ప్రతి మ్యాచ్‌లోనూ ఉంటారు. న్యాయమైన ధర 98.2 ఉన్నప్పుడు 98కి కొంటే మిగిలేది సెంటులో ఐదో వంతు. ఒక్కసారి తప్పితే 98 పోతాయి. అంత పైన కొనడం కంటే ఊరికే ఉండటం మేలు.

గేమ్‌లు సమమైతే సెట్ తేల్చడానికి ఆడే టైబ్రేక్‌కు వచ్చేసరికి లెక్క ఇంకా చదునైపోతుంది. ఒకడి సర్వ్ 66, రెండోవాడిది 64 శాతం అయితే, మెరుగైనవాడికి టైబ్రేక్ విలువ 53 సెంట్ల చుట్టూ ఉంటుంది, అంతకంటే పెద్దగా ఉండదు. 2019 వింబుల్డన్ ఫైనల్‌లో ఫెదరర్ మొత్తం 218 పాయింట్లు గెలిచాడు, జొకోవిచ్ 204. మ్యాచ్‌లో మూడు టైబ్రేక్‌లు జరిగితే మూడూ జొకోవిచ్ గెలిచి కప్పు తీసుకున్నాడు. రెండో సెట్ 6-1తో ఫెదరర్‌ది. ఎంత బాగా ఆడాడన్నది సెట్ కాంట్రాక్ట్‌కు అక్కర్లేదు, ఆ సెట్ ఎవరి ఖాతాలో పడిందన్నదే కావాలి. అందుకే టైబ్రేక్ మొదలయ్యాక ఫేవరెట్‌ను 60కి కొనడం డబ్బు పారేసుకోవడమే.

మ్యాచ్ ధరకూ సెట్ ధరకూ ఉన్న సంబంధం మరో ఆయుధం. ప్రతి సెట్‌కూ అవకాశం ఒకటే అనుకుంటే, మూడు సెట్ల మ్యాచ్‌లో సెట్ 60 అయితే మ్యాచ్ 65, సెట్ 65 అయితే మ్యాచ్ 72, సెట్ 70 అయితే మ్యాచ్ 78. గ్రాండ్‌స్లామ్‌లలో పురుషుల ఐదు సెట్ల మ్యాచ్‌లో అవే సెట్ ధరలకు 68, 76, 84. కాబట్టి మ్యాచ్ 72కి నడుస్తుంటే మొదటి సెట్ 65 దగ్గర ఉండాలి. 60కి దొరికితే ఆగి చూడాలి. చవక అని వెంటనే ఎగబడకూడదు. నెమ్మదిగా వేడెక్కే ఆటగాడు కావచ్చు, గాయం నుంచి తిరిగొచ్చిన మొదటి మ్యాచ్ కావచ్చు.

అనుమానమే లేని సంబంధం ఒకటుంది. మూడు సెట్ల మ్యాచ్‌లో ఒకడు మొదటి సెట్ గెలిచాక, అతని మ్యాచ్ ధర అతని రెండో సెట్ ధర కంటే తక్కువ ఉండటానికి వీల్లేదు. రెండో సెట్ గెలిస్తే మ్యాచ్ గెలిచినట్టే కదా. మ్యాచ్ 60కి, ఎదుటివాడి రెండో సెట్ 38కి అమ్మకానికి కనిపిస్తే, రెండూ కలిపి 98. ఏం జరిగినా ఒక్కటైనా డాలర్ ఇస్తుంది. పైకి ఉచితంగా రెండు సెంట్లు. ఇక్కడే ఫీజు అడ్డొస్తుంది.

కాల్షీలో మార్కెట్లో ఉన్న ఆర్డర్‌ను తీసుకునేవాళ్ళకు మామూలు ఫీజు సూత్రం ఇది: 0.07ను ధరతో, ఒకటిలోంచి ధర తీసేసిన అంకెతో, కాంట్రాక్టుల సంఖ్యతో హెచ్చించి పై సెంటుకు సవరిస్తారు. 50 సెంట్ల దగ్గర ఒక్కో కాంట్రాక్టుకు సెంటు ముప్పావు, అంటే వంద కాంట్రాక్టులకు డాలర్ 75 సెంట్లు. 90 దగ్గర వందకు 63 సెంట్లే. ఫీజు పట్టిక మారుతుంటుంది, ట్రేడ్ చేసే రోజున చూసుకోవాలి. పై ఉదాహరణలో 60 దగ్గర 1.68, 38 దగ్గర 1.65, మొత్తం 3.33 సెంట్లు. రెండు సెంట్ల లాభం కోసం మూడు సెంట్ల పైన ఫీజు. కనీసం నాలుగు సెంట్ల తేడా ఉంటే తప్ప ఆ ట్రేడ్‌కు అర్థం లేదు. ఇదే లెక్క కొని అమ్మే ఆటకూ వర్తిస్తుంది. 50కి కొని 53కి అమ్మితే, రెండువైపులా తీసుకునే ఆర్డరే అయితే, ఫీజు 3.49. మూడు సెంట్లు గెలిచి అర సెంటు పోగొట్టుకున్నట్టు. కాబట్టి సెట్ మార్కెట్లలో లిమిట్ ఆర్డర్ (ఈ ధరకైతేనే కొంటానని చెప్పేది) పెట్టి ఎదురుచూడటమో, కొన్నది సెట్ ముగిసేదాకా ఉంచుకోవడమో నేర్చుకోవాలి.

లిమిట్ బదులు మార్కెట్ ఆర్డర్, అంటే దొరికిన ధరకు వెంటనే కొనేది, కొడితే ఇంకో గొయ్యి. సెట్ మార్కెట్లు పలచన. తెర మీద 57 అని కనిపిస్తుంది, అక్కడ ఉన్నవి 40 కాంట్రాక్టులే. 59 దగ్గర 120, ఆ పైన 62 దగ్గర 300. మీరు 300 కావాలని మార్కెట్ ఆర్డర్ కొడితే సగటు 60.1 పడుతుంది. 57 అనుకుని కొన్న సరుకు మూడు సెంట్లు పెరిగి చేతికొస్తుంది, ఫీజు దాని మీద. కొనే ముందు ఆర్డర్ బుక్ (ఏ ధరకు ఎన్ని అమ్మకానికి, కొనడానికి ఉన్నాయో చూపే పట్టిక) తెరిచి ఒక్కో మెట్టులో ఎన్ని ఉన్నాయో చూడాలి.

అంతకంటే పెద్ద చిక్కు ఆలస్యం. అంపైర్ కుర్చీలో కూర్చుని టాబ్లెట్ మీద పాయింట్ నొక్కగానే అది డేటా కంపెనీలకు పోతుంది, అక్కడి నుంచి ఆటోమేటిక్ ప్రోగ్రాములకు. మీరు చూసే స్ట్రీమింగ్ వీడియో దానికంటే చాలా సెకన్లు వెనక. మీ తెర మీద ఆటగాడు బంతి నేలకు కొట్టుకుంటూ సర్వ్‌కు సిద్ధమవుతుంటే, నిజంగా ఆ పాయింట్ అప్పటికే అయిపోయి ఉండొచ్చు. ఆ సమయంలో ఆర్డర్ బుక్‌లో ఉన్న మీ లిమిట్ ఆర్డర్ ఎప్పుడు తగులుతుందో ఆలోచించండి. ధర మీకు నష్టంగా మారినప్పుడే తగులుతుంది. బ్రేక్ పాయింట్ పోయిన మరుక్షణం పాత ధర దగ్గర మిగిలిపోయిన ఆర్డర్లను ప్రోగ్రాములు ఏరుకుంటాయి.

దీనికి విరుగుడు పాయింట్ల మధ్య ట్రేడ్ చేయకపోవడం. పాయింటుకూ పాయింటుకూ మధ్య 25 సెకన్ల గడియారం ఉంటుంది, ఆలస్యం పోగా మీకు మిగిలేది ఏమీ ఉండదు. వైపులు మారేటప్పుడు 90 సెకన్లు, సెట్ల మధ్య 120 సెకన్లు దొరుకుతాయి. ప్రతి సెట్‌లో మొదటి గేమ్ తర్వాత వైపులు మారినా కూర్చోరు, కాబట్టి ఆ విరామం లెక్కలోకి రాదు. మూడు, ఐదు, ఏడు, తొమ్మిది గేమ్‌ల తర్వాత వచ్చే 90 సెకన్లే మీ పని సమయం. ఆటగాడు కుర్చీలో కూర్చున్నాక ఆర్డర్ పెట్టాలి, "టైమ్" అని అంపైర్ పిలిచేలోపు తగలని ఆర్డర్లు రద్దు చేయాలి. ఈ ఒక్క క్రమశిక్షణ లేకపోతే మిగతా లెక్క అంతా ప్రోగ్రాములకు కట్నం.

రిటైర్మెంట్ (ఆటగాడు మ్యాచ్ మధ్యలో తప్పుకోవడం) నిబంధన చదవకుండా సెట్ కాంట్రాక్ట్ ముట్టుకోకూడదు. మ్యాచ్ మార్కెట్‌లో సాధారణంగా తర్వాతి రౌండ్‌కు వెళ్ళినవాడు గెలిచినట్టు చూస్తారు. సెట్ మధ్యలో ఒకడు ఆగిపోతే ఆ సెట్‌ను ఎలా తేలుస్తారన్నది ఒక్కో ప్లాట్‌ఫామ్‌కు, ఒక్కో కాంట్రాక్టుకు ఒక్కో రకంగా ఉండొచ్చు: తర్వాతి రౌండ్‌కు వెళ్ళినవాడికి ఇవ్వడం, సగం సగం పంచడం, ఆఖరి న్యాయమైన ధరకు తేల్చడం. 5-1 ముందుండి 97 సెంట్ల దగ్గర కూర్చున్నవాడికి సగం సగం నిబంధన అంటే 47 సెంట్ల దెబ్బ. పైన చెప్పిన మ్యాచ్, రెండో సెట్ జంట ట్రేడ్ కూడా ఇక్కడే తెగుతుంది. మొదటి సెట్ గెలిచినవాడే రెండో సెట్‌లో రిటైర్ అయితే మీ మ్యాచ్ కాంట్రాక్ట్ సున్నా, సెట్ కాంట్రాక్ట్ సంగతి నిబంధన మీద ఆధారపడుతుంది. ఫిజియో మూడు నిమిషాల మెడికల్ టైమౌట్‌కు వచ్చినప్పుడు ధర ఎందుకలా ఊగుతుందో ఇప్పుడు అర్థమవుతుంది. ఇంకో ప్రశ్న కూడా ముందే తేల్చుకోవాలి. మ్యాచ్ రెండు సెట్లలో ముగిస్తే మూడో సెట్ కాంట్రాక్ట్ ఏమవుతుంది? డబుల్స్‌లో చాలా టోర్నీల్లో మూడో సెట్ బదులు 10 పాయింట్ల టైబ్రేక్ ఆడతారు, దాన్ని సెట్‌గా లెక్కేస్తారా? జవాబు నిబంధనల పేజీలో దొరకకపోతే ఆ మార్కెట్ వదిలేయాలి.

చిన్న టోర్నీలు కూడా వదిలేయమనే నా సలహా. మ్యాచ్ మొత్తం అమ్ముకోవడం కంటే ఒక సెట్ అమ్ముకోవడం తేలిక, మ్యాచ్ గెలుస్తూనే ఆ పని చేయొచ్చు. టెన్నిస్ అవినీతి కేసుల్లో ఇది పదే పదే బయటపడ్డ సంగతి. తక్కువ ప్రైజ్ మనీ ఉన్న ఐటీఎఫ్ (అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య) కింది స్థాయి మ్యాచ్‌లలో మీకు తెలియనిది ఎదుటివాడికి తెలిసి ఉండే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. మీరు ఆటగాడో, కోచ్‌వో, టోర్నీ సిబ్బందో అయితే టెన్నిస్ మీద ఏ రకంగానూ డబ్బు పెట్టకూడదు, నిబంధనలు అంత కచ్చితంగా ఉన్నాయి.

ఎంత పెట్టాలన్నది ఇలా కట్టండి. మీ లెక్కలో విలువ 64, దొరికే ధర 58, ఫీజు 1.7. అసలు ఖర్చు 59.7. మిగులు 4.3ను, గెలిస్తే వచ్చే 40.3తో భాగిస్తే పదిన్నర శాతం పైన. అది కెల్లీ సూత్రం (ఖాతాలో ఎంత భాగం పెట్టాలో చెప్పే లెక్క) చెప్పే గరిష్ఠం. మీ 64 అన్న అంకెలోనే తప్పు ఉంటుంది కాబట్టి అందులో నాలుగో వంతు, అంటే ఖాతాలో రెండున్నర శాతం చుట్టూ, చాలు. అదే మ్యాచ్ మీద మ్యాచ్ కాంట్రాక్ట్, సెట్ కాంట్రాక్ట్ రెండూ కొంటే అవి రెండు ట్రేడులు కావు, ఒకటే. రెండున్నర శాతం రెండింటికీ కలిపి.

సెట్ల మధ్య 120 సెకన్లలో ఒక పని తప్పనిసరిగా చేయండి: తర్వాతి సెట్ ఎవరు మొదలుపెడతారో కాగితం మీద రాసుకోండి. గత సెట్ చివరి గేమ్‌లో సర్వ్ చేసినవాడు ఇప్పుడు రిసీవ్ చేస్తాడు. సెట్ టైబ్రేక్‌తో ముగిస్తే, టైబ్రేక్‌లో మొదటి పాయింట్ సర్వ్ చేసినవాడు రిసీవ్ చేస్తాడు. ఆ తర్వాత స్కోరులోని రెండు అంకెలు కూడితే చాలు. సరి సంఖ్య వస్తే సెట్ మొదలుపెట్టినవాడిది సర్వ్, బేసి వస్తే రెండోవాడిది. 3-2 అంటే ఐదు, బేసి. ముందున్నవాడు సెట్ మొదలుపెట్టినవాడైతే అది 56 సెంట్ల సరుకు. మొదట రిసీవ్ చేసినవాడైతే, ఒక బ్రేక్ అతని చేతిలో ఉంది, సర్వ్ కూడా అతనిదే.